పనిముట్లతోబాటు పేర్లు

కోలారు పేరు వినగానే లోకమునకు బంగారమే జ్ఞప్తికి వచ్చును. 1880లో జాన్ టేలరు కంపెనీవారు చేపట్టిన గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడినవి. వాని కథను పుస్తకములుగా వ్రాసిరి, చలనచిత్రములుగా తీసిరి. కాని ఆ గనుల పట్టణమునకు త్రాగునీరిచ్చిన బేతమంగళపు చెరువును, చుట్టుపట్ల రాగిచేలను, వానిని దున్నిన మడకను తలచువారెందరు? మన జిల్లా సేద్యమునకు ఒక చిన్న ప్రదర్శనశాల యుండవలెనని మా కోరిక. భవనము సంగతి తరువాత చూచుకొనవచ్చును. చూపరుల కంటబడని పని యొకటి కలదు; అది నేడే మొదలు కావలెను.

పాత కపిల యొకటి దొరికినదనుకొందము. దానిని కడిగి, వార్నీషు పూసి, కుంకుమబొట్టు పెట్టి గోడకు ఆనించుట మనవారి అలవాటు. అది భక్తియే గాని సంరక్షణము గాదు. మడక మేడిపై అరచేతి రాపిడికి ఏర్పడిన నునుపు, కర్రు అరిగిన వాలు, ఇవియే గదా చరిత్ర! రంగు పూసినచో అవి మరుగున పడును. తెచ్చిన వస్తువును కొన్ని వారములు తక్కినవానితో కలుపక వేరుగా నుంచవలెను. క్రింద తెల్లకాగితము పరచి చూడవలెను; కొయ్యనుండి పిండివంటి పొడి రాలుచుండినచో లోపల పురుగు బ్రతికియున్నదన్నమాట. దుమ్మును మెత్తని కుంచెతోనే దులుపవలెను. కపిల తోలుతొండమును మడిచిపెట్టరాదు. ఎండిన తోలు మడతవద్దనే పగులును. పిమ్మట సంఖ్య వేసి, అది ఏ ఊరిదో, ఏ బావిదో, ఎప్పటివరకు వాడిరో పుస్తకమున కెక్కింపవలెను.

అన్నిటికంటె త్వరగా నశించునది పేరు. బోరుబావులు వెయ్యి అడుగులు దాటిపోయిన ఈ సీమలో కపిల తోలిన చేతులు ముదిమిచే వణకుచున్నవి. బాన, తొండము, మోకు, గిలక అను మాటలు వారితోనే పోవచ్చును. పాఠ్యపుస్తకములో నాగలి యుండును, మన యింట మడక యుండును, కన్నడమున నేగిలు. ఇంటిమాట మోటుదని పిల్లలు సిగ్గుపడుచుండుట మేము చూచుచున్నాము. వస్తువు ప్రక్కనుంచు చీటిపై మూడు మాటలును ఉండవలెనని మా వాదము. కన్నడమును విడువుడని మేమనుట లేదు. ఇరుభాషలవారును ఇరుగుపొరుగు పొలములలో సేద్యము చేసినవారే.

కొన్నిటికి మాట తప్ప వేరు ఆనవాలు మిగులదు. రాగుల పాతరను తెచ్చి గదిలో నుంచగలమా? అది గట్టినేలలో త్రవ్విన గొయ్యి. లోన గడ్డి పరచి, రాగులు పోసి, మూతిని మట్టితో మూసెడివారు. తిరిగి తెరచినపుడు ఎవరును వెంటనే దిగెడివారు కారు. ముందు దీపము దింపెడివారు. దీపమారినచో లోన గాలి చెడినదని ఆగెడివారు. గొయ్యి పూడిన తరువాత ఈ తెలివి ఎవరైన వ్రాసియుంచిననే నిలుచును.

పరీక్షలకు పనికిరాని ఈ శ్రమ ఏల యని తల్లిదండ్రులు కొందరు అడుగవచ్చును. ఇంగ్లండులో గుఱ్ఱపు సేద్యము పోయి ట్రాక్టర్లు వచ్చుచున్న కాలమున, 1951లో, రీడింగు విశ్వవిద్యాలయమువారు పల్లెజీవనమునకై ఒక ప్రదర్శనశాలను నెలకొల్పిరి. ఢిల్లీలో 2004లో వెలసిన జాతీయ వ్యవసాయ విజ్ఞాన ప్రదర్శనశాల దేశమంతటి సేద్యమును చూపును. అంత పెద్ద శాలలో ముళబాగిలు పల్లెటూరి అవ్వ పలికెడి మాటకు చోటు దొరకునా? ఆ పని ఇక్కడివారే చేయవలెను.

కావున విద్యార్థులారా, రానున్న దసరా సెలవులలో మీ తాతను, అవ్వను అడిగి ఒక్కొక్క పనిముట్టును గూర్చి వ్రాసికొని రండు. వస్తువును తేనక్కరలేదు, బొమ్మ గీసి, కొలతలు వేసి, వారు పలికినది పలికినట్లే వ్రాసిన చాలును. పెద్దలు తమలో తాము వాదులాడిన మరీ మంచిది. ఇరువురి మాటలను వ్రాయుడు.