నది జమాఖర్చులు

వర్షాకాలంలో ప్రకాశం బ్యారేజీ గేట్లు ఎత్తిన ప్రతిసారీ ‘నీరంతా వృథాగా సముద్రం పాలవుతున్నది’ అన్న మాట వినిపిస్తుంది. ఈ ఆవేదన న్యాయమైనదిగానే తోస్తుంది. కాని కృష్ణానది జమాఖర్చులను పరిశీలిస్తే ఇందులో సగం సత్యమే ఉన్నదని తెలుస్తుంది.

మహాబలేశ్వరం వద్ద పుట్టిన కృష్ణ సుమారు 1,400 కిలోమీటర్లు ప్రవహించి హంసలదీవి వద్ద సాగరంలో కలుస్తుంది. 1855లో విజయవాడ ఆనకట్ట పూర్తయిన తరువాత కూడా ప్రవాహంలో అధికభాగం సముద్రానికే చేరేది. స్వాతంత్ర్యానంతరం తుంగభద్ర, నాగార్జునసాగర్, శ్రీశైలం, ఆలమట్టి జలాశయాలు వెలిశాయి. మెట్టభూములు మాగాణులయ్యాయి. ఆ మేలును కాదనడం కృతఘ్నత. అయితే క్రమంగా ఖర్చు రాబడిని అందుకొన్నది. 2002-04 నాటి వర్షాభావ కాలంలో సముద్రాన్ని చేరిన కృష్ణాజలం నామమాత్రమే.

బచావత్ ట్రిబ్యునల్ 1976 నాటి తుది తీర్పులో, నాలుగేండ్లలో మూడేండ్లు తప్పక లభించగల నీటిని 2,060 టి.యం.సి.లుగా నిర్ణయించి నాటి మూడు రాష్ట్రాలకు పంచింది. భూగర్భజల వినియోగాన్ని మాత్రం ఆ లెక్కలో చేర్చలేదు. తరువాత పరీవాహక ప్రాంతమంతటా బోరుబావులు విస్తరించాయి. నేల అడుగున నిలిచిన నీరే ఊటలై వాగులను, వాగుల ద్వారా నదిని పోషిస్తుంది. బోరుతో తోడిన నీటిలో కొంత నది వాటాయే. ఒకే నీరు రెండు పద్దులలో కనబడుతున్నదన్నమాట.

‘మరి వరదల మాటేమిటి?’ అని ప్రశ్నించవచ్చు. 2024 సెప్టెంబరులో బ్యారేజీ వద్ద 11 లక్షల క్యూసెక్కులకు పైగా ప్రవాహం నమోదయిన మాట నిజమే. కాని అంతకుముందటి ఏడాది నాగార్జునసాగర్ నిండనే లేదు. కొద్దిరోజుల ఉప్పెనను చూసి నది సంపన్నమైనదని భ్రమించరాదు. 2015 నుండి పట్టిసీమ ఎత్తిపోతల ద్వారా గోదావరి జలాలు కృష్ణా డెల్టాను ఆదుకొంటున్నాయి. ఒక నది పెంచిన డెల్టా మరొక నదికి చేయిచాచవలసి వచ్చింది.

సముద్రంలో కలిసే నీరు కూడా వ్యర్థం కాదు. అది ఉప్పునీటిని వెనుకకు నెట్టి, ఒండ్రును మోసుకువచ్చి తీరాన్ని నిలబెడుతుంది. ఆ ఒండ్రు నేడు జలాశయాలలోనే పేరుకొంటున్నది. తుంగభద్ర జలాశయం నిల్వసామర్థ్యం 133 టి.యం.సి.ల నుండి సుమారు 105 టి.యం.సి.లకు తగ్గడమే ఇందుకు నిదర్శనం. నదిలో మంచినీటి ఒత్తిడి తగ్గినచోట దివిసీమ వంటి ప్రాంతాల బావులకు ఉప్పు ముప్పు తప్పదు.

కాబట్టి వాటాల కొరకు వాదించే రాష్ట్రాలు ముందుగా ఉమ్మడి లెక్క సరిచూసుకోవాలి. కాలువ నీటిని, బోరు నీటిని ఒకే పద్దులో వ్రాయాలి. సముద్రానికి కూడా కొంత వాటా విడిచిపెట్టాలి. అది దానం కాదు. డెల్టాను కాపాడుకొనడానికి చెల్లించవలసిన బాకీ.