రోశయ్య గారిని పద్నాలుగు నెలలకు కుదించకండి

కొణిజేటి రోశయ్య గారి మాట ఎత్తితే చాలు, 2009 సెప్టెంబరు 3న మొదలుపెట్టి 2010 నవంబరు 24న ముగించేస్తారు. వై.ఎస్. రాజశేఖరరెడ్డి పోయాక ముఖ్యమంత్రి కుర్చీ ఎక్కారు, వయసైపోయిందని దిగిపోయారు, అంతేనట! 1989లోనూ 2004లోనూ ఆయన్ని గెలిపించుకున్న మా చీరాల పేరాలల్లో కూడా ఇదే మాట వినపడుతుంటే కడుపు మండుతుంది.

పోనీ, ఆ పద్నాలుగు నెలలే చూద్దాం. ప్రమాణం చేసి నెల తిరిగేసరికి కర్నూలు వరదలో మునిగింది. డిసెంబరుకల్లా తెలంగాణ విషయమై రాష్ట్రం రెండుగా రగిలింది. అంత గొడవలోనూ 2010 ఫిబ్రవరిలో బడ్జెట్ ఆయనే చదివారు. అది ఆయనకు పదహారోది, వరుసగా ఏడోది. తెల్ల పంచెకట్టుతో లేచి నిలబడి, లెక్కలు కంఠతా ఉన్నట్టు చెప్పుకుపోతూ, అడ్డుతగిలినవాళ్లకు చమత్కారంతోనే చురక అంటించేవారు. ఎదుటి బెంచీల వాళ్లు కూడా నవ్వేవారు. శాసనసభలో ఇప్పుడు వినపడే భాషకు అలవాటుపడిన పిల్లలకు ఆ ప్రసంగాలు వినిపించాలనిపిస్తుంది.

పన్ను భారం మోయలేమని 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట ఇళ్లూ వాకిళ్లూ వదిలి, రామనగర్ పాకల్లో కాపురం పెట్టిన ఊరు మాది. ఖజానాలో పడే రూపాయి ఎవరి రెక్కల కష్టమో ఈ ఊరికి ఒకరు చెప్పనక్కర్లేదు. అలాంటి ఊరి ఓటుతో ఆర్థిక మంత్రి అయిన మనిషిని మనమే మరిస్తే ఎలా?

2011 నుంచి ఐదేళ్లు తమిళనాడు గవర్నరుగా ఉన్నారు. ముఖ్యమంత్రి జయలలిత జైలుకెళ్లడం, పన్నీర్‌సెల్వం రావడం, మళ్లీ ఆమె రావడం అన్నీ ఆయన హయాంలోనే. హైదరాబాద్ తిరిగొచ్చాక మళ్లీ పదవుల వెంట పడలేదు. 2021 డిసెంబరు 4న, 88 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

2025లో ఆయన జయంతి నాడు హైదరాబాద్ లకడీకాపూల్‌లో విగ్రహం పెట్టారు. సంతోషం. కానీ ఆయన పుట్టిన వేమూరూ, గెలిచిన చీరాలా రెండూ ఇప్పుడు బాపట్ల జిల్లాలోనే ఉన్నాయి. ఈ జిల్లాకు బాధ్యత లేదా? ఆ పదహారు బడ్జెట్ ప్రసంగాలూ, శాసనమండలిలో మాట్లాడినవీ కలిపి పుస్తకంగా వేయించి జిల్లాలోని ప్రతి శాఖా గ్రంథాలయంలో, డిగ్రీ కాలేజీలో పెట్టండి. ఏటా ఆయన జయంతి అయిన జూలై 4న రాష్ట్రం అప్పులూ ఆదాయాల మీద తెలిసినవాళ్లతో ఒక ఉపన్యాసం చీరాలలో పెట్టించండి. వచ్చే జయంతికే మొదలుపెట్టొచ్చు.