మసికీ ఒక వ్యాకరణం ఉంది

గత దసరాకు మా ఇంట బొమ్మల కొలువు తీర్చినప్పుడు మనవరాలు పట్టుబట్టి నా బల్లమీది బొగ్గు వ్యాగన్‌ను తెచ్చి, మూడో మెట్టుమీద, కొండపల్లి ఏనుగు అంబారీ పక్కన నిలబెట్టింది. పేరంటానికి వచ్చిన ఒక ఇల్లాలు దాన్ని చూసి, "అయ్యో, దుమ్ము పట్టిపోయిందే!" అని నొచ్చుకొని, తడిగుడ్డతో శుభ్రంగా తుడిచిపెట్టారు. నేను పక్కగదిలోంచి వచ్చేసరికి ఏడు వారాల పని ఆ గుడ్డలో ఉంది. ఆమె ముఖంలో ఉపకారం చేసిన తృప్తి కనబడుతూనే ఉంది. "సంతోషమమ్మా" అన్నాను. ఇంకేమనగలను?

తప్పు నాదే. పొడిరంగు అద్దిన తర్వాత దానిపై మెరుపులేని వార్నిష్ ఒక పూత పడాలి. పూత పడితే పొడి సగం మాయమవుతుందని, రంగు లోతు తగ్గుతుందని, నేను దాన్ని వాయిదా వేస్తూ వచ్చాను. అయితే ఆ తల్లి తుడిచింది దుమ్మును మాత్రమే కాదు, ఒక అభిప్రాయాన్ని కూడా. దాన్నిగూర్చి నాలుగు మాటలు చెప్పుకోవాలని ఈ టపా.

పదవీ విరమణానంతరం నేను పట్టుకున్న వ్యాపకం రైలుబండి నమూనాలు. అసలు బండిలో ఎనభై ఏడో వంతు కొలతన, అట్టతోను, ప్లాస్టిక్ రేకుతోను వ్యాగన్లు కట్టడం, తరువాత వాటికి ఎండా వానా బొగ్గూ బ్రేకుల రజనూ పట్టినట్లు రంగులద్దడం. ఈ రెండో పనిని ఇంగ్లీషువారు వెదరింగ్ అంటారు. 'పాతబరచడం' అందామంటే అర్థం చెడుతుంది, 'శిథిలీకరణం' అంటే వినేవారు జడుసుకుంటారు. నేను 'వాడుక పట్టించడం' అంటున్నాను. 

మన బొమ్మల సంప్రదాయానికి ఈ పని ససేమిరా గిట్టదు. పొనికి కర్రతో చేసిన కొండపల్లి ఎడ్లబండి చూడండి. చక్రానికి చారెడు బురద ఉండదు, ఎద్దు మెడమీద కాడి ఒరిపిడి ఉండదు. బొమ్మ అంటే కొత్తది, పండుగనాటిది. ఆ దృష్టిని నేను తక్కువ చేయను. కానీ బొగ్గు వ్యాగన్‌కు పండుగ లేదు. రంగు వేసి వదిలిన వారంలోనే దాని కొత్తదనం తీరిపోతుంది. తళతళలాడే బొగ్గు వ్యాగన్ బొమ్మ, ఏనాడూ జరగని ఒక రోజుకు నమూనా.

నేనుండేది కొత్తగూడెం. ఇక్కడి స్టేషను పేరు భద్రాచలం రోడ్. భద్రాచలం ఇంకా 40 కిలోమీటర్ల దూరాన, గోదావరి అవతల. కొత్తగా వచ్చిన యాత్రికులు బండి దిగి గోపురం కోసం నాలుగు దిక్కులా చూస్తారు. రామదర్శనానికి వచ్చినవారికి ముందుగా అయ్యేది బొగ్గు దర్శనం. డాక్టర్ విలియం కింగ్ 1871లో ఇల్లందు ప్రాంతంలో బొగ్గు ఉన్నదని గుర్తించిన నాటినుంచి ఈ అడవి అంచుకు బొగ్గే చిరునామా అయింది. 1886లో హైదరాబాదు దక్కన్ కంపెనీ తవ్వకాలకు హక్కులు పొందింది, 1920లో అది సింగరేణి కాలరీస్ అయింది. ఆ సింగరేణి అన్న ఊరు కారేపల్లి దగ్గర ఉంది, పేరు మాత్రం గోదావరి లోయంతా పాకింది. డోర్నకల్ నుంచి ఇటు పట్టాలు పడింది ఆ బొగ్గు కోసమే.

ఇక పని సంగతి. బొగ్గు రవాణాలో ఎక్కువగా కనిపించే బాక్స్‌ఎన్ వ్యాగన్ పొడవు 10.713 మీటర్లు, నా బల్లమీద అది పన్నెండుంబావు సెంటీమీటర్లు. చిక్కు పట్టాల దగ్గర వస్తుంది. మన బ్రాడ్‌గేజి వెడల్పు 1676 మిల్లీమీటర్లు, ఎనభై ఏడో వంతు చేస్తే పందొమ్మిదిన్నరకు కొంచెం తక్కువ. బజారులో దొరికే పట్టాలు 16.5 మిల్లీమీటర్లవి, ఎందుకంటే అవి విదేశాల స్టాండర్డ్ గేజికి చేసినవి. వాటిమీద నిలబెడితే మన వ్యాగన్ సన్నని అరుగుమీద కూర్చున్న స్థూలకాయుడిలా ఉంటుంది. నేను ఆ లోపంతో రాజీపడ్డాను. పడని వారు పట్టాలు కూడా స్వయంగా వేసుకుంటారు, వారికి నా నమస్కారం.

వాడుక పట్టించడంలో తిరకాసు ఏమిటంటే, ప్రకృతి చేసే వరుసకు మనం ఎదురు నడవాలి. అక్కడ ముందు రంగు, తరువాత తుప్పు. ఇక్కడ ముందు తుప్పు. పాత తుప్పు దాదాపు కాఫీగింజ రంగు, నిన్నటి వానకు వచ్చిన తుప్పు నారింజ. ఈ రెండూ వేసి ఆరాక, జుట్టుకు కొట్టుకునే హెయిర్ స్ప్రే పలుచగా రెండు పూతలు కొట్టి, దానిపై ఎరుపు కలిసిన గోధుమరంగు వేస్తాను. అరగంట తరువాత గోరువెచ్చని నీళ్ళలో ముంచిన మొండికుంచెతో రుద్దితే అడుగునున్న స్ప్రే కరిగి, పైరంగు పెచ్చులుగా లేచి, తుప్పు బయటపడుతుంది. ఎక్కడ ఆపాలో తెలియడమే విద్య. నమూనా మీద ఒక మిల్లీమీటరు పెచ్చు లేస్తే అసలు వ్యాగన్‌పై అది దాదాపు తొమ్మిది సెంటీమీటర్ల గాయం. ఈ లెక్క మరిచిపోతే వ్యాగన్‌కు తట్టు పోసినట్లవుతుంది.

మరొకటి. మసి నల్లన అని చిన్నప్పుడు చదువుకున్నాం, పిల్లలకు చెప్పాం. బొగ్గు వ్యాగన్ మీది మసి నల్లగా ఉండదు. ఎండలో అది బూడిదరంగు, మా ఎర్రమట్టి కలిసి ఒకవిధమైన జేగురు, వానలో మాత్రమే నలుపు. శుద్ధమైన నలుపు వేశామా, నమూనా గాడిపొయ్యిలోంచి తీసినట్లుంటుంది. సిమెంటు బస్తాలు మోసే మూత వ్యాగన్ల తెల్లచారలకు మాత్రం బడి సుద్దముక్కల పొడి దివ్యంగా పనిచేస్తుంది. ముప్పై మూడేళ్లు నల్లబల్లపై అరగదీసిన సుద్ద ఇలా పనికొస్తుందని ఎన్నడూ అనుకోలేదు.

నా మొదటి వ్యాగన్‌ను తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గు. విదేశీయుల ఫోటోలు చూసి, నఖశిఖపర్యంతం తుప్పు పట్టించి, మహాకళాఖండం చేశాననుకున్నాను. రైల్వేలో వ్యాగన్లు పరీక్షించే ఉద్యోగం చేసి దిగిపోయిన ఒక పెద్దాయన మా వీధిలోనే ఉన్నారు. ఆయన చేత మెప్పు పొందుదామని తీసుకువెళ్లాను. కళ్ళద్దాలు పైకెత్తి, వ్యాగన్‌ను తలకిందులు చేసి చూసి,

"సారూ, దీన్ని నేనైతే సిక్ రాసి పక్క లైన్ల పెట్టిస్త. గిన్ని చిల్లులున్నదాంట్ల బొగ్గెవడు పోస్తడు?" అన్నారు.

నేను చిన్నబోయాను. ఆయన జాలిపడి కూర్చోబెట్టి గంటసేపు చెప్పారు. తడి బొగ్గులోని గంధకం నీటితో కలిసి ఆమ్లమై ఉక్కును తింటుంది, కాబట్టి తినివేత నేలరేకు దగ్గర, పక్కరేకుల అడుగున మొదలవుతుంది, నడిమధ్యన కాదు. టిప్లర్ యంత్రం వ్యాగన్‌ను పట్టుకొని బోర్లించేటప్పుడు దాని పట్లు పైఅంచుమీద పడతాయి, కాబట్టి ఆ అంచు వంకర్లు పోతుంది. పొక్లెయిన్ తొట్టి లోపలినుంచి తగిలితే పక్కరేకు బయటికి ఉబ్బుతుంది. లోపలివైపు బొగ్గు ఒరిపిడికి రంగే మిగలదు, వాడుకలో ఉన్నన్నాళ్లూ ఉక్కు మెరుస్తూనే ఉంటుంది, నాలుగు రోజులు ఖాళీగా నిలిచిందా ఎర్రబడుతుంది. పాతకాలపు నాలుగు చక్రాల వ్యాగన్లకు నూనెపెట్టెలుండేవి, చక్రం ముఖాన నూనె చిమ్మి జిడ్డు పేరుకొనేది. బాక్స్‌ఎన్‌కు రోలర్ బేరింగులు, అక్కడ జిడ్డు మరక పెట్టడం తప్పు. నేను పెట్టాను.

చివరగా ఒక మాటడిగారు. "నంబరు కాడ తుడిచిన జాగా ఏది సారూ?"

అర్థం కాలేదు. బండి నిలిచినప్పుడు నంబర్లు రాసుకునే మనిషి వరుసన నడుస్తూ వస్తాడట. మసిలో అంకె కనబడకపోతే అరచేత్తోనో, గుడ్డపేలికతోనో తుడుస్తాడు. అందుచేత వ్యాగన్ అంతా మసిగా ఉన్నా నంబరు చుట్టూ ఒక చేయి తిరిగినంత మేర తేటగా ఉంటుంది. మర్నాడే సైడింగు దగ్గర కంచె ఇవతల నిలబడి చూశాను. నలభై ఏళ్లుగా చూస్తున్న వ్యాగన్లలో ఆ తుడుపు నాకు మొదటిసారి కనబడింది.

ఆ రోజునుంచి నా అభిప్రాయం ఒకటి స్థిరపడింది. మసి అలంకారం కాదు, అది వ్యాకరణం. తెలుగు పండితుణ్ణి గనుక నా పోలిక నాది. 'యాత్ర' అరిగి 'జాతర' అయింది, 'సంధ్య' 'సందె' అయింది, 'అగ్ని' 'అగ్గి' అయింది. ఈ అరుగుదల ఇష్టం వచ్చినట్లు జరగలేదు. ఏ అక్షరం ఎక్కడ ఒత్తిడికి లొంగుతుందో అక్కడే లొంగింది. 1858లో బాలవ్యాకరణం రచించిన చిన్నయసూరి తద్భవాలకు సంజ్ఞ చెప్పగలిగాడంటే, అరుగుదలలోనూ క్రమం ఉన్నందువల్లనే. స్టేషన్‌ను 'టేసను' చేసిన మా అవ్వ కూడా ఆ క్రమం తప్పలేదు. తద్భవాన్ని ఎవరూ ఊహించి పుట్టించలేరు. వ్యాగన్ మీది మరకా అంతే. ప్రతి మరకకూ 'ఎందుచేత?' అన్న ప్రశ్నకు సమాధానం ఉండాలి. లేనిది మసిపూసి మారేడుకాయ చేయడమే, అక్షరాలా.

ఈ మాట గట్టిగా ఎందుకంటున్నానంటే, ఇప్పుడు తుప్పుమోజు ప్రబలింది. నగరంలోని ఒక యువమిత్రుడు నా బాక్స్‌ఎన్‌ను చూసి, "ఇంకొంచెం తుప్పు పట్టించండి మాస్టారూ, ఫోటోలో బాగా వస్తుంది" అన్నాడు. ఫోటోకు బాగుంటుంది, నిజమే. అమెరికాలో కాలిఫోర్నియావాసి జాన్ ఆలెన్ అనే ఆయన, 1973లో చనిపోయారు, నమూనాలను మురికి చేయడం తప్పు కాదని తోటివారికి నేర్పినవారిలో అగ్రగణ్యుడు. స్వయంగా ఫోటోగ్రాఫరు. అయితే ఆయన అనుకరించింది తన దేశపు వానను, తన దేశపు పొగను. మా వ్యాగన్లు జూలై, ఆగస్టు నెలల్లో మణుగూరు అడవుల వానలో తడిసి, మార్చిలో ఎర్రదుమ్ములో పొర్లుతాయి. ఆయన తుప్పు తెచ్చి మా వ్యాగన్‌కు అద్దితే అది అనువాదదోషం.

ఇంతవరకు సులువు. అసలు చిక్కు మరొకచోట ఉంది.

మా నాన్నగారు ఇల్లందు గనిలో ఫిల్లరు. తట్టతో బొగ్గెత్తి టబ్బులు నింపడం ఆయన పని. ఆయన బట్టలు మా అమ్మ వేరే బకెట్టులో నానబెట్టేది, మూడో నీళ్లు కూడా నల్లగానే వచ్చేవి. పని మానాక ఆయనకు మిగిలింది దగ్గు. రాత్రిళ్ళు గోడకు ఆనుకొని కూర్చునేవారు, పడుకుంటే ఊపిరాడేది కాదు. అరవై దాటి మూడేళ్లే ఉన్నారు. ఇది తెలిసిన నా సహోపాధ్యాయుడొకరు ఒకసారి అడిగారు: "మీ నాన్నగారి ఛాతీలో చేరిన దుమ్మునే గదండీ మీరు కుంచెతో అద్ది మురిసిపోతున్నది?"

ఆయన ఎత్తిపొడుపుగా అనలేదు. అందుకే నొప్పి ఎక్కువైంది. కొన్ని నెలలు కుంచె ముట్టలేదు.

తిరిగి ఎందుకు పట్టానో నాకు నేను చెప్పుకున్న సమాధానం ఇది. ఢిల్లీలో 1977లో తెరచిన జాతీయ రైలు మ్యూజియం చూశాను. ఆవిరి ఇంజన్లు పెళ్ళికొడుకుల్లా ఉన్నాయి. బాగున్నాయి. కానీ వాటిలో బొగ్గు ఎగదోసిన మనిషి జాడ ఎక్కడా లేదు. తుడిచిన వ్యాగన్ బొగ్గు తనంతట తానే గనిలోంచి నడిచి వచ్చిందని చెబుతుంది. వాడుక పట్టిన వ్యాగన్ అలా చెప్పదు, కనీసం ఆ నంబరు దగ్గరి తుడుపు అయినా ఒక చేయి ఉండేదని చెబుతుంది. ఇది నాన్నగారికి నివాళి అని మాత్రం అనను. అద్దేటప్పుడు నాకు ఆనందమే కలుగుతుంది, దాన్ని దాచడం అబద్ధం. ఒక్కటి మాత్రం చేయను. నమూనాల పక్కన నిలబెట్టడానికి వేలెడు లేని మనుషుల బొమ్మలు దొరుకుతాయి, వాటికీ మసి పట్టించేవారున్నారు. నేను మనుషులకు మసి అద్దను. అది నియమమో, బలహీనతో తేల్చుకోలేదు.

కాలం మాత్రం ఆగడం లేదు. 2024 ఆగస్టులో పాల్వంచలో పాత థర్మల్ కేంద్రపు ఎనిమిది శీతలీకరణ గోపురాలను పేల్చి పడగొట్టారు. మా తరం పిల్లలకు అవి దిక్సూచులు, బస్సులో నిద్రలేచి ఊరు వచ్చిందని తెలుసుకొనేది వాటిని చూసే. వ్యాగన్లూ మారుతున్నాయి. బాక్స్‌ఎన్‌హెచ్‌ఎల్ రకానికి పక్కలు స్టెయిన్‌లెస్ ఉక్కు, పాతవాటిలా తుప్పు పట్టవు. వాటికి మసి ఉంటుంది, గీతలుంటాయి, సొట్టలుంటాయి, నారింజరంగు ఉండదు. నా పెట్టెలోని తుప్పురంగు సీసాలు సగం మిగిలిపోయేలా ఉన్నాయి.

కొలువులో తుడిచిన వ్యాగన్‌ను మళ్ళీ మొదలుపెట్టాను. ఆ తల్లి గుడ్డ నంబరు మీదుగా అడ్డంగా తిరిగిన గుర్తు ఒకటి ఉంది, అచ్చం నంబర్లు రాసుకునేవాడి చేయి తిరిగినట్లే. దాన్ని అలాగే ఉంచి చుట్టూ మసి అద్దుతున్నాను. ఈసారి వార్నిష్ వాయిదా వేయను.

చదువరులకు ఒక మనవి. ఇల్లందు సైడింగులో నిలిచే పాతకాలపు నాలుగు చక్రాల బొగ్గు వ్యాగన్ల ఫోటోలు ఎవరి వద్దనైనా ఉంటే తెలియజేయండి. బయటివైపు చిత్రాలు నాకు దొరికాయి. లోపలివైపు, బొగ్గు దించాక నేలరేకు ఎలా ఉండేదో తెలిపేది ఒక్కటీ దొరకలేదు. పెళ్ళి ఫోటో వెనకాల పొరబాటున పడ్డదైనా సరే.