తాత మారుతీలో ఎస్టీమ్ ఇంజన్

మా అక్క కొడుకు ఒక పట్టు పట్టుకుని కూర్చున్నాడు. వాళ్ల తాత నడిపిన మారుతీ 800 షెడ్డులో ఊరికే నిలబడి ఉంది కదా, దాని ఇంజన్ దింపేసి ఎస్టీమ్ ఇంజన్ ఎక్కిస్తానంటాడు. బయట మెకానిక్‌కి ఇచ్చి కాదు, ఇంట్లోనే, తన చేత్తో. దీనిమీద ఇంట్లో రెండు పార్టీలు అయినాయి. "మీ నాయన గుర్తుకి మిగిలింది అదొక్కటే, దాన్నీ కోసి పారెయ్యల్లనా?" అని మా అమ్మ. "నాలుగేళ్లు ఫీజు కట్టి చదివించింది గ్రీజు పూసుకునేదానికా?" అని మా బావ.

మూడో పార్టీ నేనొక్కడినే. పిల్లవాడిని చెయ్యనివ్వండి అంటాను. కాకపోతే రెండు షరతులు. పని బ్రేకుల దగ్గర మొదలవ్వాలి, ఇంజన్ దగ్గర కాదు. ఆ బండి మళ్లీ రోడ్డెక్కకూడదు.

ముందు బావ మాట తీసుకుంటాను, ఎందుకంటే నాకు కోపం వచ్చింది ఆ మాటకే. కోయంబత్తూరులో మనలాంటి తెలుగు ఇళ్లు నిలబడింది దేనిమీద? పత్తి, బావి, ఆ బావికి ఆయిల్ ఇంజన్, తర్వాత కరెంటు మోటారు, ఆ మోటారుకి పోత పోసే ఫౌండ్రీ. అంతా గ్రీజే. కలంగల్‌లో పుట్టిన జి.డి. నాయుడుగారి కథ మన ఇళ్లలో ప్రతి పిల్లవాడికీ చెబుతాం. తెల్లదొర దగ్గర రడ్జ్ మోటారు సైకిల్ కొని, దాన్ని నట్టు నట్టుగా విప్పి, మళ్లీ బిగించి నేర్చుకున్నాడని గొప్పగా చెబుతాం. 1920లో పొల్లాచి, పళని మధ్య ఒక బస్సుతో మొదలుపెట్టాడనీ, 1937లో మన దేశంలోనే తయారైన మొదటి ఎలక్ట్రిక్ మోటారు ఆయన చేయి పడిందేననీ చెబుతాం. అదే పని మన పిల్లవాడు చేస్తానంటే మాత్రం లాప్‌టాప్ ముందు కూర్చోమంటాం. ఇదేం న్యాయమో నాకు అర్థం కాదు.

ఇంజన్ మార్చడం మన పట్టరైలకి కొత్త కూడా కాదు. అంబాసిడర్‌లో పెట్రోలు ఇంజన్ తీసి డీజిల్ ఇంజన్ పెట్టడం ఒకప్పుడు మామూలు పని. దాన్ని ఎవరూ పిచ్చి అనలేదు. డబ్బు మిగిలింది కాబట్టి తెలివి అన్నారు. మన ఊరి కరివర్ధన్ ఇంకో అడుగు ముందుకేసి, ఈ మారుతీ 800 ఇంజన్‌నే తీసి ఒకే మనిషి కూర్చునే రేసు కారుకి పెట్టాడు. అదే ఫార్ములా మారుతీ. నరైన్ కార్తికేయన్ తొలి రోజుల్లో పోటీపడింది ఆ కార్లలోనే. చెట్టిపాళయం దగ్గరి రేసు ట్రాక్‌కి కరి పేరు ఊరికే పెట్టలేదు.

ఇప్పుడు పని సంగతి. వినేదానికి తేలిక: పాతది దింపు, పెద్దది ఎక్కించు. మారుతీ 800లో ఉండేది 796 సీసీ, మూడు సిలిండర్లు. కార్బ్యురేటర్ మోడల్ అయితే 40 హెచ్‌పీకి కూడా అందదు. ఎస్టీమ్‌ది 1298 సీసీ, నాలుగు సిలిండర్లు, తర్వాత వచ్చిన 16 వాల్వుల ఇంజన్ 85 హెచ్‌పీ ఇస్తుంది. అంటే రెండింతలకి పైన. బండి బరువు చూస్తే 650 కిలోల దగ్గర. ఆశ ఎందుకు పుడుతుందో తెలుస్తోంది కదా?

కానీ ఇంజన్ ఒక్కటే తెస్తే ఏమీ కాదు. దాని గేర్‌బాక్స్ కూడా కలిపి తేవాలి. గేర్‌బాక్స్ మారితే యాక్సిల్ కుదరదు: లోపలి కొస ఎస్టీమ్‌కి సరిపోవాలి, బయటి కొస 800 చక్రానికి సరిపోవాలి, పొడుగు రెండింటికీ మధ్యలో ఎక్కడో ఉంటుంది. దానికి మంచి టర్నర్ కావాలి, అతుకు వేసిన యాక్సిల్ కాదు. ఇంజన్ కూర్చునే మౌంటింగులు కొత్తగా చెయ్యాలి. చిన్న రేడియేటర్ చాలదు. ఇంజెక్షన్ ఇంజన్ అయితే పాత బండి పెట్రోలు పంపు పనికిరాదు, ఒత్తిడితో తోసే ఎలక్ట్రిక్ పంపు, దానికి తట్టుకునే పైపులు, తిరిగి ట్యాంకుకి వచ్చే లైను, ఈసీయూ, దాని వైరింగ్ మొత్తం కావాలి. ఇంట్లో చేసేవాళ్లు ఎక్కువగా విసిగిపోయేది ఈ వైరింగ్ దగ్గరే. ఇంజన్ ఎక్కించడం చైన్ బ్లాకుతో ఒక ఆదివారం పని. వైరు వైరు వెతుక్కోవడం నెలల పని. చాలా షెడ్లలో బానెట్ లేకుండా దుమ్ము పట్టి ఉండే బండ్ల కథ ఇదే.

ఇంకొకటి. చెన్నై పుదుపేటలోనో బెంగుళూరు శివాజీనగర్‌లోనో పాత ఇంజన్ కొంటే బిల్లు తీసుకోవాలి. ఆ ఇంజన్ మీద ఒక నెంబరు ఉంటుంది. ఆ నెంబరు ఎవరి ఆర్సీలోనో ఉండి ఉంటుంది. ఆ బండి దొంగ బండి అయితే పోలీసులు వచ్చేది మన ఇంటికే. బిల్లు ఇవ్వనంటే ఎంత చవకైనా తిరిగొచ్చెయ్యడమే.

సరే, బ్రేకులు. నేను దీన్ని పట్టుకుని వదలకపోవడానికి కారణం ఉంది. గంటకి 80లో పోయే బండికీ 120లో పోయే బండికీ వేగంలో తేడా ఒకటిన్నర రెట్లు. ఆపాల్సిన శక్తి మాత్రం రెండుంబావు రెట్లు. 800కి ఉండేవి 12 అంగుళాల చక్రాలు. చక్రం లోపల ఎంత చోటుంటే అంతే డిస్కు పడుతుంది. కాబట్టి పెద్ద బ్రేకు కావాలంటే ముందు 13 అంగుళాల చక్రం కావాలి, దానికి తగిన హబ్బు కావాలి, మాస్టర్ సిలిండర్ మారాలి. వాల్పారై నుంచి దిగేటప్పుడు 40 హెయిర్‌పిన్ మలుపులున్నాయి. అక్కడ చిన్న బ్రేకులని తొక్కుతూ దిగితే ఆయిల్ మరిగి పెడలు మెత్తగా కిందికి పోతుంది. అప్పుడు 85 హెచ్‌పీ ఏం చేస్తుంది? పైగా ముందు వైపు బరువు పెరిగింది కాబట్టి మలుపులో బండి మనం తిప్పిన చోటికి కాక నేరుగా పోవాలని చూస్తుంది.

పెద్దవాళ్లు ఈ పనిని ఎలా చేశారో చూడండి. ఇంగ్లాండులో 1959లో వచ్చిన మినీ కారు 848 సీసీ, అచ్చం మన 800 లాంటి బండి, అందరికీ అందే చిన్న కారు. జాన్ కూపర్ దాన్ని 997 సీసీ చేయించి 1961లో మినీ కూపర్‌గా తెప్పించాడు. అందరికీ గుర్తుండేది ఆ 55 హెచ్‌పీ, తర్వాత గెలిచిన మాంటే కార్లో ర్యాలీలు. కానీ అదే కారుకి ముందు చక్రాలకి డ్రమ్ములు తీసేసి డిస్కు బ్రేకులు పెట్టారు. పెంచింది 150 సీసీ లోపే, దానికే బ్రేకులు మార్చారు. మనం 500 సీసీ పెంచి పాత బ్రేకులతోనే తిరుగుతామంటే ఎట్లా?

బండి ఒళ్లు కూడా చూడాలి. దీనికి లారీలాగా వేరే చాసిస్ లేదు, రేకే దాని ఎముక. షాకబ్జర్ పైకొస తగిలే చోట, పెడల్స్ కింద ఫ్లోరులో తుప్పుంటే అక్కడే ఆపెయ్యాలి. పుట్టీ పూసి పెయింటు కొట్టిన రేకు మీద పెద్ద ఇంజన్ వేలాడదీస్తే అది పని కాదు, పాపం.

ఇక చట్టం. మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52. ఆర్సీలో ఉన్న వివరాలు తయారీదారు ఇచ్చినదానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు అంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే తేల్చి చెప్పింది. అదే రకం ఇంజన్ పాడైతే ఆర్టీఓకి చెప్పి మార్చుకోవచ్చు. వేరే రకం ఇంజన్ కుదరదు. 2019 సవరణ తర్వాత శిక్ష ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకి 5000 రూపాయలు, లేదా రెండూ. "పట్టుకుంటారా మామా?" అంటాడు మావాడు. బానెట్ ఎత్తి చూసేవాళ్లు తక్కువే, నిజమే. కానీ రేపు ఎవరికైనా తగిలిన రోజున బానెట్ ఎత్తుతారు. ఆ రోజు ఇన్సూరెన్స్ వాళ్లు చెయ్యి దులిపేసుకుంటే ఇల్లు అమ్మినా చాలదు. అవతలివాడి ప్రాణం లెక్క దీనికి బయట.

ఇక్కడ నాకు ప్రభుత్వం మీద కూడా ఒక మాట ఉంది. ఇదే 800కి ఆమోదం పొందిన సీఎన్‌జీ కిట్ పెట్టుకోవచ్చు. ఆమోదం పొందిన కిట్‌తో కరెంటు బండిగా కూడా మార్చుకోవచ్చు. అంటే ఇంజన్ దగ్గర మార్పు జరిగితే పరీక్షించి ఆర్సీలో ఎక్కించే దారి ఇప్పటికే ఉంది. అదే కంపెనీ తయారుచేసిన ఇంకో ఇంజన్‌కి మాత్రం ఏ దారీ లేదు. జర్మనీలో బండి మార్చుకున్నవాడు దాన్ని తీసుకుపోయి పరీక్షకి నిలబెడతాడు. బ్రేకులు, పొగ, చప్పుడు చూస్తారు, బాగుంటే కాగితాల్లో రాస్తారు, లేకపోతే పొమ్మంటారు. మన దగ్గర ఆ తలుపు మూసేస్తే ఆ పని ఆగిపోలేదు, రాత్రిపూట జరుగుతోంది. పరీక్ష ఉంటే మావాడే బ్రేకుల గురించి నాకంటే ముందు మాట్లాడేవాడు. ఆ తలుపు తెరిచేదాకా మాత్రం దొడ్డిదారి వద్దు.

మరి రోడ్డెక్కని బండి ఎందుకు, అని అడుగుతారు. మా తోటలో రెండు ఫర్లాంగుల మట్టిదారి ఉంది. ట్రాక్ వాళ్లని అడిగి, వాళ్ల నియమాలకి ఒప్పుకుని, లారీ మీద ఎక్కించి చెట్టిపాళయం తీసుకుపోవచ్చు. నేర్చుకునేదానికి అంతకంటే రోడ్డు అక్కర్లేదు. పైగా నేను గమనించింది ఒకటి చెబుతాను. ఈ పిల్లవాడు ఇంట్లో తమిళం, ఫోన్లో ఇంగ్లీషు. షెడ్డులో మా చిన్నాయన పక్కన కూర్చున్నప్పుడే నోట తెలుగు వస్తోంది. "ఆ బోల్టు ఇట్ల తిప్పు, ఇంకొంచెం, చాలు చాలు" అనేది ఆయనకి తెలుగులోనే వస్తుంది మరి. అందుకోసమని బండి కొయ్యమనను, కానీ ఆ లాభాన్ని లెక్కలో రాసుకోక తప్పదు.

మా అమ్మ మాటకి మాత్రం నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఆమె చెప్పేది ఇంజన్ గురించి కాదు. అందుకే ఒక పని చెయ్యమన్నాను: బాడీలో ఏ రేకూ కొయ్యకుండా, పాత మౌంటింగులు పీకకుండా, కొత్తవి బోల్టులతో బిగించేలా చెయ్యాలి. కొయ్యక తప్పదు అని తేలితే ఆ బండి వదిలేసి ఇంకో పాత 800 కొనుక్కోవాలి. దిగిన 796 ఇంజన్‌ని పాత ఇనుముకి అమ్మకూడదు. ఆయిల్ మార్చి, ప్లగ్గుల రంధ్రాల్లో కొంచెం ఆయిల్ పోసి, చేత్తో నాలుగు చుట్లు తిప్పి, నోళ్లన్నీ గుడ్డతో మూసి, తార్పాలిన్ చుట్టి చెక్క పలక మీద పెట్టాలి. ఆర్సీ జిరాక్సు ఒకటి దానికే కట్టాలి. ఆర్సీలో ఉన్న నెంబరు దానిదే.