గుత్త చేనికి చెరువు మట్టి ఎవడు తోలతాడు?

మొన్న ఆఫీసు క్యాంటీన్లో ఐపీఎల్ వేలం మీద చర్చ మొదలైంది. ప్రతి టీములోనూ ఒక ఆస్థాన ఆర్థికవేత్త ఉంటాడు కదా, మావాడు తీర్పిచ్చేశాడు. "ఇరవై ఏళ్ళ పిల్లలకి లాంగ్ టర్మ్ కాంట్రాక్టులేంటి బాస్? ఏడాదికో కాంట్రాక్టు ఇస్తే ఆకలితో ఆడతారు. బాగా ఆడినోడు రేటు పెంచుకుంటాడు. మనం రెండేళ్ళకో కంపెనీ మారట్లా?"

అందరూ తలలూపారు. నాలుగేళ్ళ క్రితం అయితే నేనూ ఊపేవాణ్ణే. ఊపడమేంటి, సరిగ్గా ఇదే సలహా సొంత తమ్ముడికి ఇచ్చి కూర్చున్నాను. అందుకే ఈ ఏడుపంతా.

మాది నంద్యాల దగ్గర పల్లె. మా చిన్నాయన కొడుకు ఫాస్ట్ బౌలర్. ఒక ప్రైవేటు లీగు జట్టువాళ్ళు వాడి ముందు రెండు కాగితాలు పెట్టారు. ఒకటి మూడేళ్ళకి, డబ్బు తక్కువ, కానీ గ్యారంటీ. రెండోది ఒక్క ఏడాదికి, దాదాపు రెట్టింపు డబ్బు. ఆ పైన ఇంకో రెండేళ్ళు ఉంచుకోవాలా వద్దా అన్నది జట్టు ఇష్టం. ఇంట్లో ఇంగ్లీషు కాగితం చదివి అర్థం చెప్పగలిగేది నేనే కాబట్టి ఫోన్ చేశాడు. "ఏం జేయమంటావున్నా, దేనికి సంతకం పెట్టేది?" అన్నాడు. నేను బెంగుళూరు ట్రాఫిక్‌లో క్యాబ్‌లో కూర్చుని, "ఒరేయ్, ఏడాదిది తీసుకో. పేరు తెచ్చుకో. వచ్చే ఏడు రేటు మనం చెబుదాం" అన్నాను.

ఐదో మ్యాచ్‌లో భుజం పోయింది. జట్టువాళ్ళు మోసమేమీ చేయలేదు. స్కానింగ్ చేయించారు, ఆ సీజన్ డబ్బులు ఇచ్చారు. సీజనయ్యాక "ఆప్షన్ వాడుకోవడం లేదు" అని రెండు లైన్ల మెయిలు వచ్చింది. దాన్ని కూడా నేనే తెలుగులో చదివి చెప్పాను. ఆపరేషన్ డబ్బులు చిన్నాయన వడ్డీకి తెచ్చాడు.

సరే, నా గోడు పక్కన పెట్టి అవతలి వాదనకి న్యాయం చేద్దాం. వాళ్ళకున్న గొప్ప ఉదాహరణ మా సీమ పిల్లే: కడప జిల్లా ఎర్రమల్లె నుంచి వచ్చిన శ్రీచరణి. 2024 డిసెంబర్‌లో డబ్ల్యూపీఎల్ వేలంలో ఢిల్లీ క్యాపిటల్స్ 55 లక్షలకి తీసుకుంది. 2025లో ఇండియాకి ఆడింది, ఇంగ్లండ్‌లో ఐదు టీ20ల్లో 10 వికెట్లు తీసి ప్లేయర్ ఆఫ్ ద సిరీస్ అయింది, ప్రపంచకప్‌లో 14 వికెట్లు తీసింది. ఆ నవంబర్‌లోనే మెగా వేలం. అదే ఢిల్లీ 1.3 కోట్లు పెట్టింది. "చూశావా, మూడేళ్ళకి కట్టేసుంటే ఇంత వచ్చేదా?" అంటారు. ఒప్పుకుంటాను, మంచి పాయింటే.

కానీ అదే జిల్లా నుంచి ఇంకో పేరు చెప్తాను. హరిశంకర్ రెడ్డి. 2021లో చెన్నై సూపర్ కింగ్స్ 20 లక్షలకి తీసుకుంది. ఆ సీజన్లో ఒక్క మ్యాచ్‌లో కూడా దించలేదు. మరుసటి ఏడాది మెగా వేలం, నలుగుర్ని తప్ప అందర్నీ వదిలేశారు. ఆకలితో ఆడతాడన్నారు కదా, అసలు ఆడిస్తే కదా ఆకలి తెలిసేది! ఇంకా కావాలంటే పవన్ నేగి ఉన్నాడు. 2016లో 8.5 కోట్లు, 2017లో కోటి. ఏడాదిలో మనిషి ఎనిమిదో వంతు అయిపోతాడా? మన అప్రైజల్‌లో 4 శాతం హైక్ వస్తేనే వారం రోజులు లింక్డిన్ తెరిచి కూర్చుంటాం :)

అసలు "మనం కంపెనీలు మారినట్టు" అన్న పోలికే తప్పు. మనం చేతిలో ఒక ఆఫర్ పెట్టుకుని ఇంకో నాలుగు చోట్ల బేరం ఆడతాం. రవీంద్ర జడేజా 21 ఏళ్ళ వయసులో వేరే జట్లతో నేరుగా మాట్లాడబోయాడని 2010 సీజన్ మొత్తం నిషేధించారు. మనం నోటీస్ పీరియడ్ 90 రోజులని ఏడుస్తాం. అక్కడ వేలంలో అమ్ముడయ్యాక సరైన కారణం లేకుండా తప్పుకున్న విదేశీ ఆటగాడికి రెండేళ్ళ నిషేధం. 2025లో హ్యారీ బ్రూక్‌కి అదే పడింది. జట్టు మాత్రం సీజన్ అవగానే నిన్ను వదిలేయొచ్చు, దానికి నిషేధం లేదు, కారణం చెప్పక్కర్లేదు. అంటే షార్ట్ టర్మ్ అన్నది ఆటగాడికి స్వేచ్ఛ కాదు. తలుపు గడియ ఒకవైపే ఉంది, అదీ జట్టువైపు.

"లాంగ్ టర్మ్ ఇస్తే జట్టు మునుగుతుంది" అనేవాళ్ళు ఐస్ హాకీ కథ చెప్తారు. నిజమే, 2006లో న్యూయార్క్ ఐలాండర్స్ పాతికేళ్ళు నిండని గోలీ రిక్ డిపియెట్రోకి 15 ఏళ్ళ కాంట్రాక్టు రాసిచ్చింది, 6.75 కోట్ల డాలర్లకి. గాయాలతో కుర్రాడు కూలబడ్డాడు. 2013లో వదిలించుకున్నారు గానీ 2029 దాకా ఏడాదికి 15 లక్షల డాలర్లు కట్టాలి. కానీ రెండో కథ చెప్పరు. మాంట్రియల్ 2013లో పీకే సుబ్బన్‌కి "ముందు నిరూపించుకో" అని రెండేళ్ళకి 57.5 లక్షల డాలర్లే ఇచ్చింది. వాడు అదే ఏడు లీగులో బెస్ట్ డిఫెన్స్‌మన్‌గా నోరిస్ ట్రోఫీ కొట్టాడు. 2014లో ఎనిమిదేళ్ళకి 7.2 కోట్ల డాలర్లు పెట్టాల్సొచ్చింది. కక్కుర్తి ఖరీదైన వ్యవహారం.

మన హాకీ సంగతి చూడండి. హాకీ ఇండియా లీగ్ 2017 తర్వాత ఆగిపోయి, మళ్ళీ 2024 డిసెంబర్‌లో గానీ మొదలవలేదు. ఆ ఏడేళ్ళూ హాకీ పిల్లల ఇళ్ళల్లో పొయ్యి వెలిగించింది వేలం కాదు, రైల్వేలు, ఆయిల్ కంపెనీలు ఇచ్చిన ఉద్యోగాలు. అవేంటి? లాంగ్ టర్మ్ కాంట్రాక్టులే! శ్రీచరణికి రాష్ట్ర ప్రభుత్వం 2.5 కోట్లు, కడపలో వెయ్యి గజాల స్థలం, గ్రూప్-1 ఉద్యోగం ప్రకటించినప్పుడు మా ఊళ్ళో పెద్దోళ్ళు ముందు మాట్లాడుకున్నది కోట్ల గురించి కాదు. "ఉద్యోగమొచ్చింది, ఇంక పాపకి దిగుల్లేదు" అన్నారు. ఎంబీఏ చదవకుండానే వాళ్ళకి రిస్క్ అంటే తెలుసు.

ఎందుకు తెలీదు? వానని నమ్ముకుని వేరుశనగ వేసినోళ్ళు. మా వైపు కౌలుని గుత్త అంటారు. ఒక్క ఏడాది గుత్తకి తీసుకున్న చేనికి ఎవడూ చెరువు మట్టి తోలడు. ఎరువు కూడా ఈ పంటకి చాలినంతే వేస్తాడు, చేతనైనంత పిండుకుని పోతాడు. అదే మూడేళ్ళు చేతిలో ఉంటుందంటే మట్టి తోలతాడు, గట్టు వేస్తాడు. కుర్ర బౌలర్ భుజం కూడా అంతే. ఏడాది గుత్తకి తీసుకున్న జట్టు ఈ సీజన్‌కి ఎన్ని ఓవర్లు వస్తాయో చూసుకుంటుంది. మూడేళ్ళు జీతమివ్వాల్సిన జట్టు, ఈ మ్యాచ్‌కి ఆపితే వచ్చే ఏడు ఉంటాడు అని ఆలోచిస్తుంది. అది ప్రేమ కాదు, లెక్క. కుర్రాడికి కావాల్సింది ఆ లెక్క తనవైపు ఉండటమే.

నేనడిగేది పదిహేనేళ్ళ కాంట్రాక్టు కాదు బాబూ. మూడే మూడు:

1. 23 ఏళ్ళలోపు ఆటగాడికి కనీసం రెండు సీజన్ల డబ్బు గ్యారంటీ. ఆడించినా, కూర్చోబెట్టినా.

2. జట్టుకి ఆడుతూ తగిలిన గాయానికి, కాంట్రాక్టు అయిపోయినా, మళ్ళీ ఫిట్ అయ్యేదాకా వైద్యం జట్టుదే.

3. పొడిగించే ఆప్షన్ జట్టుకుంటే, బయటికెళ్ళే ఆప్షన్ ఆటగాడికీ ఉండాలి. శ్రీచరణిలా ఒక్క ఏడాదిలో ఎదిగిన పిల్ల ఈ తలుపులోంచి వెళ్ళి రేటు అడుగుతుంది. భుజం పోయిన పిల్లోడికి మొదటి రెండూ ఉంటాయి.

"అలాగైతే జట్లు కొత్త పిల్లల్ని తీసుకోవు" అంటారేమో. కొంతమందిని తీసుకోరు, నిజమే. కానీ పది మందిని తెచ్చి తొమ్మిది మందిని మెయిలుతో పంపించే బదులు, ఆరుగుర్ని తీసుకుని సరిగ్గా చూసుకోవడం నయం.

మావాడిప్పుడు బేతంచెర్లలో బండల పాలిషింగ్ యూనిట్లో లెక్కలు రాస్తున్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. పోయిన ఉగాదికి కలిసినప్పుడు మాత్రం నవ్వుతూ, "రెట్టింపొచ్చిందిగా అన్నా, ఆపరేషన్‌కి సగం సరిపాయె" అన్నాడు.

మీ ఇంట్లో పిల్లోడెవడైనా ఇలాంటి కాగితంతో ఫోన్ చేస్తే, క్యాబ్‌లో కూర్చుని సలహా ఇవ్వకండి. ఆప్షన్ ఎవరి చేతిలో ఉందో ముందు చూడండి.