‘వాపు’ అని రాస్తే సరిపోతుందా?

సుమారు ఇరవై ఏళ్ళ కిందటి మాట. అరవై అయిదేళ్ళ పెద్దావిడ ఒకరు కాళ్ళ వాపుతో నా దగ్గరకు వచ్చారు. సాయంత్రానికి చెప్పులు బిగుతవుతున్నాయని, ఒంటికి నీరు పట్టిందని చెప్పారు. చీలమండ దగ్గర వేలితో నొక్కి చూశాను, గుంట పడింది. చీటీ మీద ‘కాళ్ళ వాపు’ అని రాసి, మూత్రం ఎక్కువగా పోవడానికి ఫ్యూరోసెమైడ్ మాత్ర ఇచ్చాను. ఆ తరువాత ఆమె మరో ఇద్దరు వైద్యులకు చూపించుకున్నారు. వారిద్దరూ నా చీటీ చూసి అదే మాత్రను కొనసాగించారు. నాలుగు నెలల తరువాత ఒక తెల్లవారుజామున ఆమె మంచం మీద నుంచి లేవగానే కళ్ళు తిరిగి పడిపోయారు. తుంటి ఎముక విరిగింది. రక్తంలో సోడియం, పొటాషియం రెండూ బాగా తగ్గిపోయి ఉన్నాయి.

అప్పుడు పాత కాగితాలన్నీ ముందేసుకుని చూశాను. వాపు రావడానికి మూడు వారాల ముందే ఆమెకు రక్తపోటు కోసం ఆమ్లోడిపిన్ మొదలుపెట్టారు. ఆ మందు వల్ల కొందరిలో చీలమండలు వాస్తాయి. సన్నని ధమనులు వ్యాకోచించి, కేశనాళికల నుంచి నీరు చుట్టూ ఉన్న కణజాలంలోకి ఊరడం వల్ల వచ్చే వాపు అది. శరీరంలో నీరు ఎక్కువై వచ్చింది కాదు కనుక మూత్రం మాత్రతో పెద్దగా ప్రయోజనం ఉండదు. ఆ మందు మోతాదు తగ్గించాలి, లేదా మందే మార్చాలి. ఇది నాకు తెలియని విషయం కాదు. ‘ఎందువల్ల?’ అని అడగకుండా రెండు మాటలు రాసి ఊరుకున్నాను. ఆ రెండు మాటలే నా తరువాతి వారికీ రోగ నిర్ణయంలా కనిపించాయి.

హైదరాబాదులో మెడికల్ కోడింగ్ ఉద్యోగం చేస్తున్న మా బంధువుల అమ్మాయితో ఇటీవల మాట్లాడుతుంటే ఈ సంగతి మళ్ళీ గుర్తుకొచ్చింది. వైద్యులు రాసిన రోగ నిర్ణయాలను నిర్ణీత సంకేతాలుగా మార్చడమే కోడింగ్. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి అంతర్జాతీయ వ్యాధుల వర్గీకరణ, అంటే ఐసీడీ, దానికి ఆధారం. అమెరికా దాని పదవ కూర్పును తన అవసరాలకు తగినట్టు విస్తరించుకుని 2015 అక్టోబరు 1 నుంచి వాడుతోంది. అక్కడి ఆసుపత్రుల కేసు పత్రాలను మన నగరంలో ఎందరో యువతీయువకులు చదివి సంకేతాలు ఇస్తున్నారు.

వైద్యుడు ‘ఒంట్లో నీరు నిలిచింది’ అని మాత్రమే రాస్తే ఆ వర్గీకరణలో దొరికే సంకేతం ఆర్ 60.9. వివరం తెలియని వాపు అని దాని అర్థం. ‘ఆర్’ అధ్యాయం వ్యాధులది కాదు. జ్వరం, దగ్గు వంటి లక్షణాలది. అదే వాపు గుండె వైఫల్యం వల్ల వస్తే ఐ 50, మూత్రంలో మాంసకృత్తులు పోయే నెఫ్రోటిక్ సిండ్రోమ్ వల్ల వస్తే ఎన్ 04, గర్భిణిలో ప్రీ-ఎక్లాంప్సియా అయితే ఓ 14, బోదకాలు అయితే బి 74. ఇవన్నీ వేరువేరు రోగాలు, వీటి వైద్యాలూ వేరు. ఒకరికి ఉప్పు తగ్గించి నీటిని తీసివేయాలి. మరొకరికి ఆ రాత్రే కాన్పు చేయవలసి రావచ్చు.

ఆ అమ్మాయి చెప్పిన ఒక నియమం నాకు బాగా నచ్చింది. కేసు పత్రంలో గుండె వైఫల్యానికి వాడే మందులు, పరీక్షల ఫలితాలు అన్నీ కనిపిస్తున్నా, వైద్యుడు ఆ పేరు రాయకపోతే కోడర్ తనంతట తాను రాయకూడదు. వైద్యుణ్ణి అడగాలి. ఊహ వైద్యుడిదే, బాధ్యతా వైద్యుడిదే.

రోజుకు వంద మందిని చూసే చోట ఇంత రాయడానికి తీరిక ఎక్కడిదని తోటి వైద్యులు అంటారు. ఆ ఒత్తిడి నాకు తెలుసు. కానీ నేను అడుగుతున్నది వ్యాసం కాదు, నాలుగు ముక్కలు: వాపు ఒక కాలికా, రెండు కాళ్ళకా, ఎప్పటి నుంచి, ఆయాసం ఉందా, కొత్తగా ఏ మందు మొదలైంది. కారణం ఇంకా తేలకపోతే తేలలేదని రాయడం నిజాయితీ. ఆర్ 60.9 తప్పుడు సంకేతం కాదు. అన్వేషణ అక్కడే ఆగిపోవడం తప్పు. అలాగే బీమా సొమ్ము ఎక్కువ వస్తుందని లేని గుండె వైఫల్యాన్ని రాయడం మరింత పెద్ద తప్పు. ఆ పేరు రోగి కాగితాలను ఏళ్ళ తరబడి వెంటాడుతుంది.

పాఠకులకు ఒక మాట. మన భాషలో ‘నీరు’ అన్న మాట చాలా చోట్లకు సరిపోతుంది. కాళ్ళలో నీరు, కడుపులో నీరు, ఊపిరితిత్తుల్లో నీరు, మోకాలిలో నీరు, అన్నీ ఒకటే అన్నట్టు వింటాం. నీరు పట్టిందనగానే కొందరు మండు వేసవిలో కూడా మంచినీళ్ళు తాగడం మానేస్తారు. వైద్యుడు చెప్పకుండా అలా చేయకండి.

ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చేటప్పుడు ఇచ్చే కాగితంలో నాలుగు విషయాలు ఉన్నాయేమో చూడండి: నీరు ఎందువల్ల చేరింది, బయలుదేరే నాటి బరువు ఎంత, మూత్రం మాత్ర ఎన్నాళ్ళు వాడాలి, మళ్ళీ రక్తపరీక్ష ఎప్పుడు. బరువు ఎందుకంటే, ఒక లీటరు నీరు ఒక కిలో బరువు. గుండె వైఫల్యం ఉన్నవారు మూడు రోజుల్లో రెండు కిలోలకు మించి పెరిగితే, కాళ్ళు ఇంకా వాయకపోయినా, వైద్యుణ్ణి సంప్రదించాలి. బయలుదేరిన నాటి బరువు కాగితం మీద లేకపోతే, పెరిగిందో లేదో దేనితో పోల్చి చూస్తారు?

ఈ నాలుగింటిలో ఏది లేకపోయినా మర్యాదగా అడిగి రాయించుకోండి. ఏ వైద్యుడైనా విసుక్కుంటే బాధపడకండి. ఆనాడు ఆ పెద్దావిడ నన్ను ‘ఎందువల్ల బాబూ?’ అని ఒక్క మాట అడిగి ఉంటే నేనూ కొంచెం విసుక్కునేవాణ్ణేమో. కానీ ఆగి ఆలోచించేవాణ్ణి.