గోడలో ఆమె చెమట, ఖాతాలో అతని పేరు



ఈ మధ్య చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి తాలూకాలలో మన సభ్యుల ఇళ్లకు వెళ్లినప్పుడు చాలాచోట్ల ఇంటి పక్కన ఒక గది లేస్తూ కనిపించింది. మేస్త్రీ లేడు, కూలీలూ లేరు. షిఫ్టు దిగిన భర్త తాపీ పట్టుకుంటే, గార్మెంట్స్ బస్సు దిగిన భార్య తట్ట ఎత్తుతోంది. పిల్లలు పెద్దవాళ్లయ్యారు, ఉన్నది ఒక గది, ఒక వంటమూల. ఏం చేస్తారు?

చూసినవాళ్లు కష్టజీవులని మెచ్చుకుంటారు. మేమూ మెచ్చుకుంటాం గానీ లెక్క కూడా అడుగుతాం. మన పెద్దలు పోరాడి తెచ్చిన ఎనిమిది గంటల పనిదినంలో మిగిలిన గంటలన్నీ ఇటుకల కింద పోతున్నాయి. కార్మికుడికి సొంత ఇల్లుంటే యజమాని ఆ మేరకు కూలి తగ్గిస్తాడని ఎంగెల్స్ 1872లోనే హెచ్చరించాడు. గది కట్టుకున్నారు కదా, ఇంటి అద్దె భత్యం ఎందుకని రేపు ఎవరైనా అంటే ఒప్పుకోరాదు.

మేమూ కట్టినవాళ్లమే. మిల్లులో ఉన్న రోజుల్లో మా ఇంటామె పట్టు రీలింగుకు పోయేది. పగలంతా వేడినీళ్లలో పట్టుగూళ్లు, రాత్రి సిమెంటు మాలు. వారం తిరక్కముందే వేళ్ల సందులు పగిలి రక్తం కారింది. తడి సిమెంటు చర్మాన్ని తింటుందని, రబ్బరు తొడుగులు వేసుకోవాలని మాకు తెలియలేదు. గోడలు మేమే లేపామని ఊరంతా చెప్పుకున్నాం. నీళ్లు మోసిందీ, మాలు కలిపిందీ, తెల్లవారుజామున లేచి గోడ తడిపిందీ ఆమె. ఖాతాలో మాత్రం మా ఒక్కరి పేరే. ఆ తప్పు దిద్దుకోవడానికి పదకొండేళ్లు పట్టింది.

పనిలోనూ తప్పు చేశాం. పునాది లోతు తగ్గించి, కొత్త గోడను పాత గోడకు అతికించాం. కొత్త పునాది కొంత దిగుతుంది, ఎప్పుడో కుదురుకున్న పాతది దిగదు. రెండో వానకే మూల బీట తీసింది. పాత పునాది పక్కన తవ్వేటప్పుడు పొడవునా ఒకేసారి తవ్వకండి. గోడలు మీరు లేపండి, స్లాబు మాత్రం తెలిసిన మేస్త్రికి అప్పగించండి. పరంజా మీద నుంచి పడితే ఈఎస్ఐలో వైద్యం ఉంది, అర్హత ఉంటే 91 రోజుల వరకు సగటు కూలిలో 70 శాతం సిక్ బెనిఫిట్ ఉంది. మిల్లులో ప్రమాదానికి ఇచ్చే వైకల్య భత్యం మాత్రం ఇంట్లో పడినదానికి రాదు.

ఇక డబ్బు. మనకున్నది పీఎఫ్. 2016 ఏప్రిల్‌లో బెంగళూరులో గార్మెంట్స్ అక్కచెల్లెళ్లు రోడ్డెక్కింది ఈ డబ్బు కోసమే. యజమాని వాటాను 58 ఏళ్ల దాకా ముట్టరాదన్న ఉత్తర్వును ప్రభుత్వం ఏప్రిల్ 19న వెనక్కి తీసుకుంది. ఉన్న ఇంటికి గది కలుపుకోవడానికి కూడా 1952 పీఎఫ్ పథకంలోని 68-బి పేరా అడ్వాన్సుకు దారి చూపింది. ఆ ఇల్లు సభ్యుడిదో, భార్యదో, భర్తదో, ఇద్దరిదో అయి ఉండాలి. అన్నదమ్ముల ఉమ్మడి ఇల్లయితే కుదరదు. 2025 అక్టోబరులో పీఎఫ్ ట్రస్టీల బోర్డు ఈ నిబంధనలన్నీ కుదించాలని నిర్ణయించింది. అందువల్ల అర్జీకి ముందు తాజా నిబంధన చూసుకోవాలి.

మన సభ్యురాలొకరు, ఊరు చెప్పం, భర్తతో కలిసి రెండేళ్లు గది కట్టింది. ఖాతా మామగారి పేర మీదుంది. భర్త పోయిన మూడో నెలలో మరిది ఆ గదికి తాళం వేశాడు. ఆమె మోసిన రాళ్లకు రసీదు ఎక్కడుంది? "మా ఆడవాళ్లు ఎక్కడికి పోతారు, వాళ్ల పేరెందుకు?" అని మన సభ్యులే అంటున్నారు. ఎక్కడికీ పోనిదాని పేరు రాయడానికి భయమెందుకో మాకు అర్థం కాదు. పునాది తీయకముందే భాగాలు తేల్చుకుని, ఖాతాలో ఇద్దరి పేర్లూ రాయించండి.

పీఎఫ్ అర్జీ ఫోనులో పెట్టడం తెలియనివాళ్లు ఆదివారం సంఘం ఆఫీసుకు రండి. ఆధార్, ఖాతా పత్రం, బ్యాంకు పుస్తకం తెచ్చుకోండి. ఇద్దరూ కలిసి రండి.